మొలకకు వెల కట్టుట

పువ్వు పుట్టఁగానే పరిమళించునని మనలో ఒక సామెత కలదు. మల్లె విషయమున అది నిజమే. మామిడి విషయమున నిజము కాదు. మామిడి టెంక మొలచినపుడు దాని ఆకును నలిపి వాసన చూచినను, కాండమును కొలిచి చూచినను, పదేండ్ల తరువాత అది కాయఁబోవు పండు తీపియో పులుపో చెప్పఁగల తోఁటమాలి లేఁడు. మనుష్యుఁడు మల్లెజాతివాఁడా, మామిడిజాతివాఁడా? ఈ ప్రశ్నకు మనము నోటితో ఏమి చెప్పినను, చేఁతలలో మాత్రము మల్లెజాతివాఁడనియే నడచుకొనుచున్నాము. పిల్లవాఁడు మూఁడవ తరగతిలో ఉండఁగానే వాఁడు డాక్టరగునో గుమాస్తా యగునో నిశ్చయించి చుట్టములకు చెప్పుచున్నాము.

ఈ సంగతిని మఱల ఆలోచించునట్లు చేసినది మాకు ఇటీవల వచ్చిన ఒక ఉత్తరము. మాతో ఒకే బల్లమీఁద కూర్చుండి చదువుకొని, నేఁడు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్ను నగరమున ఉద్యోగము చేయుచున్న బాల్యమిత్రుఁడు దానిని వ్రాసెను. అతని కుమారునికి పదునేడేండ్లు. అక్కడనే పుట్టి పెరిగినవాఁ డగుటచేత ఆ దేశపు ఫుట్‌బాలనిన వానికి ప్రాణము. ఈ సంవత్సరము తమ ప్రాంతపు పదునెనిమిదేండ్లలోపువారి జట్టులో వానికి చోటు దొరకలేదు. "వాఁడు అన్నము ముట్టక గదిలో కూర్చున్నాఁడు. వానిని త్రోసివేసినవారు దుర్మార్గులు కారు. వాని కొలతలన్నియు కాగితముమీఁద మర్యాదగా చూపిరి. కాని పదునేడేండ్లవానిని చూచి, వీఁడింతే యని చెప్పుటకు మనుష్యులకు శక్తి కలదా? శక్తి యున్నను అధికారము కలదా? నీవు ఇరువదేండ్లుగా పిల్లలకు మార్కులు వేయుచున్నావు గనుక నిన్నడుగుచున్నాను" అని అతఁడు వ్రాసెను.

మిత్రుఁడు రెండు ప్రశ్నలను వేఱు వేఱుగా అడిగినందులకు మేము సంతోషించితిమి. సాధారణముగా మనము వానిని కలిపివేయుదుము. శక్తి లేదు గనుక అధికారము లేదని కొందఱును, శక్తి యున్నది గనుక అధికారమును ఉన్నదని కొందఱును వాదింతురు. ఈ రెండును తప్పని మాకు తోఁచుచున్నది. దానిని చూపుటకు మిత్రుని కుమారుఁడు ఆడు ఆటయే మంచి నిదర్శనము. ఏలయన, లేఁత వయసువారిని తూఁచి వరుసపెట్టు పనిని ఆ ఆటవారు చేసినంత బహిరంగముగను, లెక్కలతోను చేయువారు అరుదు.

ఆ యాటను ఎఱుఁగని పాఠకులకొఱకు రెండు మాటలు. ఇది మనమెఱిఁగిన ఫుట్‌బాలు కాదు. కోలగా నుండు బంతితో, కోలగా నుండు మైదానమున, పక్షమునకు పదునెనమండుగురు చొప్పున ఆడుదురు. బంతిని కాలితో తన్నవచ్చును. పిడికిటితో కొట్టి తోడివాని కందింపవచ్చును. ఎదుటివాని భుజములకంటె పైకెగిరి గాలిలో పట్టుకొనవచ్చును. నడిమి స్తంభముల నడుమ తన్నిన ఆఱు పాయింట్లు. ప్రక్క స్తంభముల నడుమ పోయిన ఒకటి. దీని నియమములు 1859 లో మెల్‌బోర్ను నగరమున వ్రాయఁబడినవి. నేఁడు 18 క్లబ్బులు గల లీగు దేశమంతటను దీనిని నడపుచున్నది.

క్లబ్బులలో ధనికములును బీదలును కలవు. ధనము గలవి మంచి ఆటగాండ్రనందఱను కొనివేసినచో, లేనివి ఏఁటేఁట ఓడుచుండవలసినదే. దీనికి విరుగుడుగా 1986 లో డ్రాఫ్టు అను పద్ధతిని తెచ్చిరి. ఏఁటేఁట, పదునెనిమిదేండ్లు నిండిన, ఆ సంవత్సరాంతమునకు నిండఁబోవు యువకులు పేళ్లిత్తురు. ఆ ఏఁట అందఱికంటె వెనుకఁబడిన క్లబ్బు మొదటి వంతున తనకు కావలసినవానిని ఎన్నుకొనును. విజేత కడపట ఎన్నుకొనును. ఆఁకలి ఎక్కువగా ఉన్న బిడ్డకు ముందు వడ్డించు తల్లి న్యాయము వంటి దిది. దీనికి తోడు, ఆటల ఋతువు ముగిసిన పిమ్మట క్లబ్బులు తమ యాటగాండ్రను, తమ వంతులను ఒకరితో నొకరు మార్చుకొనవచ్చును. దీనిని ట్రేడు అందురు.

క్లబ్బుల నడుమ సమత్వము కల్పించుట మంచి పనియే. కాని ఆ సమత్వమునకు మూల్యమిచ్చువాఁ డెవఁడో కూడ చూడవలెను. పెర్తు నగరపు బాలుని మెల్‌బోర్ను క్లబ్బు పిలిచినచో వాఁడు సుమారు 2,700 కిలోమీటర్ల దూరము పోవలసినదే. ఏ క్లబ్బు నాకు గురుకులమని వాఁడు ఎన్నుకొనలేఁడు, ఎన్నుకొనఁబడును. ఇంత భారమును ఒక బాలునిమీఁద పెట్టు తీర్పు ఎట్టి ఆధారముమీఁద నిలిచియున్నదో విచారింతము.

ఎన్నిక చేయువారు సోమరులు కారు. ఏండ్ల తరబడి చిన్న మైదానముల గట్లమీఁద, వానలో, గాలిలో నిలిచి పిల్లల ఆటలను చూతురు. ఎంపికైనవారిని ఒక చోటికి పిలిపించి 20 మీటర్ల పరుగును, నిలిచిన చోటనుండి పైకెగురుటను, 2 కిలోమీటర్ల పరుగును కొలుతురు. ఎత్తును బరువును గుర్తింతురు. కూర్చుండఁబెట్టి ప్రశ్నలడిగి స్వభావమును పరిశీలింతురు. తలిదండ్రులతోను, ఆట నేర్పినవారితోను మాటాడుదురు. మేము ఒక విద్యార్థికి మార్కులు వేయుటకు ముందు ఇందులో నాలవవంతు శ్రమయైన పడమని ఒప్పుకొనుటకు సిగ్గుపడుచున్నాము.

ఐనను ఫలిత మెట్లున్నది? 2001 వ సంవత్సరపు డ్రాఫ్టును చూడుఁడు. ఆ ఏఁట మొదటి వంతున హాథోర్న్ క్లబ్బు ల్యూక్ హాడ్జ్ అనువానిని, రెండవ వంతున సెయింట్ కిల్డా ల్యూక్ బాల్ అనువానిని, మూఁడవ వంతున వెస్ట్ కోస్ట్ క్రిస్ జడ్ అనువానిని తీసికొనిరి. ఆ దేశమున బ్రౌన్లో పతకమని యొకటి కలదు. ఆ యేఁట శ్రేష్ఠముగను ధర్మముగను ఆడినవానికి మైదానములోని అంపైర్లు ఇచ్చిన ఓట్లనుబట్టి దానిని ఇత్తురు. 2004 మొదలు 2013 వఱకు గల పదేండ్లలో ఏడేండ్ల పతకము ఆ యొక్క 2001 డ్రాఫ్టువారికే చెందినది. మూఁడవవాఁడైన జడ్ 2004 లోను 2010 లోను పొందెను. ఎనిమిదవ వంతున వచ్చిన జిమ్మీ బార్టెల్ 2007 లో పొందెను. 58 వ వంతువఱకు ఎవరికిని అక్కఱలేక మిగిలిన డేన్ స్వాన్ 2011 లో పొందెను. అంతకుముందు డ్రాఫ్టులో ఎవరును పిలువక, ఆ ఏఁట 36 వ వంతున వచ్చిన శామ్ మిచెల్ పేర 2012 వ సంవత్సరపు పతకము తరువాతి కాలమున వ్రాయఁబడెను. తండ్రి ఆడిన క్లబ్బు కుమారుని తీసికొనవచ్చునను నియమముచే 40 వ వంతున జీలాంగునకు వచ్చిన గ్యారీ ఆబ్లెట్ 2009 లోను 2013 లోను పొందెను. మొదటి రెండు వంతులవారికి మాత్రము ఆ పతకము రాలేదు.

కాఁబట్టి మొదటి రెండు ఎన్నికలును తప్పనవచ్చునా? అట్లనుటకును వీలు లేదు. హాడ్జ్ నాలుగు ప్రీమియర్‌షిప్పులలో ఆడెను; 2013, 2014, 2015 సంవత్సరములలో వరుసగా మూఁడుమాఱులు నాయకుఁడై గెలిపించెను. బాల్ 2009 లో సెయింట్ కిల్డాను విడిచి, మఱల డ్రాఫ్టులో నిలిచి, 30 వ వంతున కాలింగ్‌వుడ్ క్లబ్బునకు పోయి, మఱుసటి ఏఁడు అంతిమపోటీలో తన పాత క్లబ్బును ఓడించిన జట్టులో ఉండెను. ఈ మువ్వురిలో ఎవఁడు మొదటివాఁడై యుండవలెనని ఆ దేశమున చాలకాలము వాదించుకొనిరి. వాదము తెగలేదు, ఒకఁడు ఒంటరిగా మెఱయుటలోను, ఒకఁడు పదుగురిని నడపుటలోను, ఒకఁడు పడి లేచుటలోను గొప్పవాఁడైనపుడు మువ్వురికిని సరిపోవు త్రాసు ఏది? ఇరువదేండ్లు గడచి, ఫలమంతయు కన్నులయెదుట ఉన్నపుడే వరుస చెప్పలేనివారము, మొలకనాఁడు చెప్పఁగలమా?

మన తార్కికులు అనుమానప్రమాణమును విభజించుచు పూర్వవత్తను ఒక భేదమును చెప్పిరి. కారణమును చూచి కార్యము నూహించుట దాని లక్షణము. క్రమ్మిన మబ్బును చూచి వాన కురియునని తలఁచుట దానికి ఉదాహరణము. పొగను చూచి నిప్పును ఊహించుటకంటె ఇది దుర్బలము. పొగయున్నపుడు నిప్పు అప్పటికే యున్నది. వాన ఇంకను లేదు. నడుమ గాలి వీచినచో మబ్బు చెదరిపోవును. పదునెనిమిదేండ్ల బాలుని పరుగు మబ్బు; ఇరువదియైదేండ్ల ఆటగాఁడు వాన. నడుమ వీచు గాలులు ఎన్ని! మోఁకాలి గాయము, ఇంటిబెంగ, మంచి గురువు, చెడ్డ స్నేహము, తండ్రి మరణము, ఒక యోటమి నేర్పు బుద్ధి. వీనిలో ఏదియు 20 మీటర్ల పరుగులో కనఁబడదు.

అయినచో తీర్పరులు కన్నులు మూసికొని చీట్లు తీయుట మేలా? కాదు. ఇక్కడ ప్రతిపక్షమునకు న్యాయము చేయవలెను. ముందు వంతులవారు మొత్తముమీఁద వెనుక వంతులవారికంటె ఎక్కువ ఆటలాడుదురు, ఎక్కువ జీతము పొందుదురు. లీగువారు 2015 లో వంతులకు వెల కట్టిన పట్టిక నొకదానిని ప్రవేశపెట్టిరి. పూర్వము ఆయా వంతులలో వచ్చినవారు పొందిన జీతములే దానికి ఆధారము. మొదటి వంతునకు 3,000, రెండవ వంతునకు 2,517, అట్లు దిగి దిగి 73 వ వంతునకు 9, ఆపైన శూన్యము. తరువాత ఈ పట్టికను సవరించిరి గాని పద్ధతి అదియే. మేము దీనిని పరిహసింపము. వేయిమంది మొలకలను గూర్చి చెప్పినపుడు ఇది నిజమునకు దగ్గఱగానే ఉండును. ఒక్క మొలకను గూర్చి చెప్పినపుడు మాత్రము నోరు మూసికొనవలసినది. 1990 డ్రాఫ్టులో ఎసెండన్ క్లబ్బు 79 వ వంతున జేమ్స్ హర్డ్ అనువానిని తీసికొనెను. ఆ పట్టిక ప్రకారము ఆ వంతునకు వెల శూన్యము. ఆ శూన్యమే 1996 లో బ్రౌన్లో పతకమును మఱియొకనితో కలిసి పంచుకొనెను. గుంపును గూర్చిన సత్యమును వ్యక్తిమీఁద అతికించుటయే ఈ వ్యవహారమునందలి మొదటి పొరపాటు. మార్కుల పట్టీని చూచి బిడ్డను నిర్ణయించు తండ్రియు, జీతమును చూచి వరునకు కట్నము నిర్ణయించు మామయు చేయు పొరపాటును ఇదియే.

రెండవది ఇంతకంటె లోఁతైనది. మబ్బును చూచి వాన కురియునని మనము చెప్పినచో మన మాట మబ్బు వినదు. బాలుఁడు వినును. వాఁడే కాదు, వాని చుట్టునున్నవారందఱును విందురు. మొదటి వంతున వచ్చినవాఁడు రెండేండ్లు తడఁబడినను, ఇంకను పండఁగలఁడని క్లబ్బు ఓపిక పట్టును. శ్రేష్ఠులైన శిక్షకులను ఇచ్చును. మఱల మఱల ఆడించును. 70 వ వంతువాఁడు అంతే తడఁబడినచో, మేమనుకొన్నదే యని సెలవిత్తురు. తరువాత లెక్క వేసి, మొదటివాఁడు ఎక్కువ ఆటలాడెను గనుక మా తీర్పు సరియైనదని చెప్పుదురు. నీరు పోసిన మొక్క పెరిగినది, పోయనిది ఎండినది. ఇందులో విత్తుల గుణమెంత, నీటి గుణమెంత? ఈ చిక్కు డ్రాఫ్టునకు ముందే మొదలగును. జనవరి ఒకటవ తేదీని హద్దుగా పెట్టి పిల్లలను వయసులవారీగా విభజించుటచే, జనవరిలో పుట్టినవాఁడును డిసెంబరులో పుట్టినవాఁడును ఒకే జట్టులో పోటీపడుదురు. పండ్రెండేండ్ల ప్రాయమున పదునొకండు నెలల తేడా చిన్నది కాదు. పెద్దవాఁడు బలవంతుఁడుగా కనఁబడి ఎన్నికగును. ఎన్నికయైనందున మంచి శిక్షణ పొందును. శిక్షణ పొందినందున నిజముగనే మంచివాఁడగును. ఎన్నికయైన పిల్లలలో సంవత్సరపు మొదటి నెలలలో పుట్టినవారే ఎక్కువగా నుండుటను పరిశోధకులు ఈ ఆటలోను, ఇతరమైన ఆటలలోను గుర్తించిరి. పుట్టిన నెలను ప్రతిభ యని భ్రమించిన తీర్పు, కాలక్రమమున ఆ భ్రమను నిజము చేసినదన్నమాట.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. మేము ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో ఎనిమిదవ తరగతిలో ఒక బాలుఁ డుండెడివాఁడు. ఏమడిగినను నేలచూపులు చూచెడివాఁడు. లెక్కలలో ఎన్నఁడును పది మార్కులు దాఁటలేదు. వాని తండ్రి పొలము పనులు మాని ఒకనాఁడు బడికి వచ్చి, "అయ్యవారూ, వీనికి చదువు అబ్బునా?" అని అడిగెను. మేము పుస్తకము తెఱచి మార్కులు చూపి, "అబ్బదు, ఏదైన పనిలో పెట్టుము" అంటిమి. అతఁడు మా మాటను వేదముగా నమ్మి మఱునాఁడే మాన్పించెను. ఆ బాలుఁడు తరువాత గొప్పవాఁడై మమ్ము సిగ్గుపఱచెనని చెప్పినచో కథ బాగుండును గాని, అట్లు జరిగినట్లు మాకు తెలియదు. మా తీర్పు సరియైనదేమో. కానేమో. అది తేలు మార్గమును మూసివేసినది మా తీర్పే. ఇరువదేండ్లైనను మమ్ము పీడించునది పొరపడితిమను భావము కాదు; పొరపడితిమో లేదో తెలియకుండునట్లు చేసితిమను భావము.

కనుక మిత్రుని మొదటి ప్రశ్నకు మా ప్రత్యుత్తరము: శక్తి కొంచెము కలదు, అనుకొన్నంత లేదు, ఉన్నదానిలో కొంత మన తీర్పే పుట్టించిన శక్తి. ఇఁక అధికారము.

బజారులో వంకాయను తూఁచు వర్తకుఁడు వంకాయ అనుమతిని కోరఁడు. ఆ లీగులో క్లబ్బుల నడుమ ఇచ్చిపుచ్చుకొనుటలు జరుగునపుడు, ఒప్పందములో నున్న ఆటగాఁడు సమ్మతింపనిదే వానిని మఱియొక క్లబ్బునకు పంపరాదు. ఈ చిన్న నియమము మాకు మిక్కిలి గౌరవింపఁదగినదిగా కనఁబడుచున్నది. అది లేనిచో మనుష్యుల బేరమునకును పశువుల సంతకును భేద మేమి? ఐనను సమ్మతి యనునది అందఱికిని ఒకే బరువుతో రాదు. 2007 లో జడ్ తన స్వస్థలమైన మెల్‌బోర్నునకు తిరిగి పోఁగోరెను. కార్ల్‌టన్ క్లబ్బు అతనిని తీసికొని, బదులుగా 3 వ వంతును, 20 వ వంతును, జాష్ కెనెడీ అను ఇరువదేండ్ల యువకుని వెస్ట్ కోస్టునకు ఇచ్చెను. జడ్ అడిగి పోయినవాఁడు. కెనెడీ అడుగఁబడి పోయినవాఁడు. ఆ బేరమున ఎవరు గెలిచిరని నాఁడు అడిగినవారు జడ్ పేరే చెప్పియుందురు. జడ్ కార్ల్‌టనులోను పతకము పొందెను. కాని ప్రీమియర్‌షిప్పు ఆ క్లబ్బునకు రాలేదు. కెనెడీ వెస్ట్ కోస్ట్ చరిత్రలో అందఱికంటె ఎక్కువ గోళ్లు చేసినవాఁడై, 2018 లో ప్రీమియర్‌షిప్పు గెలిచిన జట్టులో ఆడెను. చిల్లరగా ఇచ్చినది నోటుకంటె తక్కువ కాలేదు.

2001 లోనే ఇంకొక బేరము జరిగెను. ఆ ఏఁట 22 ఆటలలో రెంటినే గెలిచి కడపట నిలిచిన ఫ్రీమాంటిల్ క్లబ్బు, న్యాయముగా తనకు వచ్చిన మొదటి వంతును, దానితో 20, 36 వంతులను హాథోర్నునకిచ్చి, ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్ అను ఇరువురు ఆటగాండ్రను తెచ్చుకొనెను. మొదటి వంతు హాడ్జ్ అయ్యెను. 36 వ వంతు మిచెల్ అయ్యెను. క్రోడ్ రెండేండ్లకే తిరిగి హాథోర్నునకు పోయెను. 2013 లో ఫ్రీమాంటిల్ తొలిసారి అంతిమపోటీకి వచ్చినపుడు దానిని ఓడించినది హాడ్జ్ నాయకుఁడుగా, మిచెల్ సభ్యుఁడుగా నున్న హాథోర్నే. దీనిని చూచి ఫ్రీమాంటిల్‌వారు మూర్ఖులనుట సులభము. కాని మెక్‌ఫార్లిన్ ఆ క్లబ్బున 2015 వఱకు విశ్వాసముతో ఆడెను. అతఁడు చెడ్డ బేరమున మిగిలిన సరకు కాఁడు. మనుష్యులను మార్చుకొన్న బేరములకు లాభనష్టముల లెక్క ఎన్నఁడును పూర్తిగా తేలదు.

తేలదనుటకు మఱియొక కారణము టామ్ బాయిడ్ జీవితము. 2013 లో మొదటి వంతున గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ క్లబ్బు అతనిని తీసికొనెను. ఒక్క ఏఁడు గడవఁగానే, పందొమ్మిదేండ్ల ప్రాయమున, వెస్టర్న్ బుల్‌డాగ్స్ క్లబ్బు తన నాయకునిని, 6 వ వంతును ఇచ్చి అతనిని తెచ్చుకొనెను. ఏడేండ్లకు సుమారు 70 లక్షల డాలర్లని పత్రికలు వ్రాసినవి. ఆ నాఁటినుండి అతఁడు ఆడిన ప్రతి ఆటయు ఆ మొత్తముతో తూఁచఁబడెను. ఇతరుఁడు బంతిని జాఱవిడిచిన బంతి జాఱినది. ఇతఁడు జాఱవిడిచిన లక్షలు జాఱినవి. 2016 అంతిమపోటీలో అతఁడు మూఁడు గోళ్లు చేసెను. 1954 తరువాత ఆ క్లబ్బునకు అదియే మొదటి ప్రీమియర్‌షిప్పు. మఱుసటి ఏఁడు తనకు మనోవ్యాధి కలదని చెప్పి కొంతకాలము విశ్రమించెను. 2019 మే నెలలో, ఒప్పందమున ఇంకను రెండేండ్లకు పైగా మిగిలియుండఁగానే, ఇరువదిమూఁడేండ్లకు ఆటనుండి విరమించెను. ఇప్పుడు చెప్పుఁడు: అతనికి కట్టిన వెల ఎక్కువయా, తక్కువయా? అరువది రెండేండ్లు వేచిన జనులకు ఆ ఒక్క దినము చాలునని కొందఱందురు. మేమట్లడుగము. ఆ వెలను మోయుట ఆ బాలునికి ఎంత బరువైనదని అడుగుదుము. వెల కట్టినవారు దానిని కాగితముమీఁద మోసిరి. అతఁడు నిద్రలో మోసెను.

ఇంత చెప్పియు, తీర్పు చేయుటయే పాపమని మేము చెప్పము. జట్టులో స్థలములు కొన్నియే, కోరువారు వేలు. ఎన్నిక చేయక తప్పదు. బడిలో పరీక్షయు, ఆస్పత్రిలో శస్త్రవైద్యుని ఎంపికయు తప్పనట్లే ఇదియు తప్పదు. తప్పని పని గనుక దానికి అధికారము కలదు. కాని ఆ అధికారము అప్పుగా వచ్చిన అధికారము. ఒక బాలుని తూఁచినవాఁడు ఆ బాలునికి ఋణపడును. తన తీర్పు వాని జీవితమును మార్చును గనుక, మార్చిన మేరకు వాఁడు తీర్పరికి బాధ్యత యగును. తూఁచుటతో పని ముగిసినదనుకొన్నవాఁడు వర్తకుఁడు. తూఁచుటతో పని మొదలైనదనుకొన్నవాఁడే తీర్పరి.

ఈ ఋణము తీర్చు విధము కష్టమైనది కాదు. మొదట, తీర్పునకు తేదీ వేయవలెను. "వీఁడింతే" అనక "ఇప్పటికి ఇంత" అనవలెను. రెండవది, మూసిన తలుపునకు గడియ వేయరాదు. ఈ విషయమున ఆ లీగువారు మనకంటె మేలు. డ్రాఫ్టున మిగిలినవారికి రూకీ డ్రాఫ్టు అని వేఱొక త్రోవ కలదు; ఆ త్రోవను వచ్చిన మాట్ ప్రిడ్డిస్ 2014 లో బ్రౌన్లో పతకము పొందెను. 2019 లో ఋతువు నడుమనే ఎన్నుకొను డ్రాఫ్టును మఱల తెఱచిరి; ఆ ఏఁటనే ఇరువదియేడేండ్ల మార్లియన్ పికెట్ ఆ త్రోవను రిచ్‌మండు క్లబ్బున చేరి, తన మొట్టమొదటి ఆటను అంతిమపోటీలోనే ఆడి గెలిచెను. 1952 తరువాత అట్లు అంతిమపోటీతో ఆరంభించినవాఁడు లేఁడు. పదునెనిమిదేండ్లకు ఒకమాఱు, ఇరువదియేడేండ్లకు ఒకమాఱు చూడఁగల బడులు మనకెన్ని కలవు? మూఁడవది, ఎన్నుకొన్నవానిని పోషించుట ఎంత ధర్మమో, ఎన్నుకొననివానికి కారణము చెప్పి, ఇఁక చేయవలసినదేమో చూపుటయు అంత ధర్మము. మిత్రుని కుమారునికి కొలతలు చూపినవారు సగము ఋణము తీర్చిరి. "వచ్చు ఏఁటికి ఇది సాధించుకొని రమ్ము" అను మాట తక్కిన సగము.

మిత్రునకు మేమిట్లు వ్రాసితిమి. "నీ కుమారునితో వారు పొరపడిరని చెప్పకుము. అది నీకు తెలియదు, నాకును తెలియదు. డేన్ స్వాన్ కథ చెప్పి ఆశ పెట్టకుము. 58 వ వంతునకైన రాని వేలమంది కథలను ఎవరును వ్రాయరు. వారి కొలతలు వాని కాళ్లవి, వానివి కావని మాత్రము చెప్పుము. ఆ యాట వాని కిష్టమేని, జట్టు చిన్నదైనను పోయి ఆడుమనుము. వాఁడు రేపు గొప్పవాఁడగుటకే నేఁడు ఆడవలెనను నియమమేమియు లేదు. వాఁడు గదిలోనుండి వచ్చినపుడు మొదట అన్నము పెట్టుము. భవిష్యత్తును గూర్చి తరువాత మాటాడుదువు గాక."

ఉత్తరము టపాలో వేసి వచ్చి మేము అర్ధసంవత్సరపు పరీక్షల మార్కుల పట్టీలను వ్రాయుటకు కూర్చుంటిమి. మొదటి పట్టీ లెక్కలలో తొమ్మిది మార్కులు వచ్చిన ఒక బాలునిది. తలిదండ్రులకు సూచన యని యున్న గడిలో, ఇన్నేండ్లుగా వ్రాయుచున్న "చదువునందు వెనుకఁబడినవాఁడు" అను మాట సగము వ్రాసి ఆగితిమి. దానిని కొట్టివేసి, తేదీ వేసి, "ఇప్పటికి భిన్నములు రాలేదు, సాయంకాలము అరగంట ఆగినచో నేర్పెదము" అని వ్రాసితిమి. ఆ పట్టీ ముగియుటకు తక్కిన వానికంటె కొంచె మెక్కువ కాలము పట్టినది. తరగతిలో ఇంకను నలుబదిరెండు పట్టీలు మిగిలియుండెను.